గుడ్డ కింద ధర

అనగనగా, సముద్రం మీద గాలి తప్ప మరో బలం ఎరగని రోజుల్లో, పగడాలరేవు అనే పట్నం ఉండేది.

ఆ పట్నంలో ఓడ కట్టించడమంటే మాటలు కాదు. టేకు కావాలి, ఇనుము కావాలి, తాళ్ళు కావాలి, తెరచాపలు కావాలి, లోపల నింపడానికి సరుకు కావాలి. ఇంత సొమ్ము ఒక్కడే పెడితే ఓడ మునిగిన నాడు వాడూ మునిగిపోతాడు. అందుకని ఆ ఊరి పెద్దలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఓడను నూరు వాటాలు చేసేవారు. వాటాకు ఒక రాగి బిళ్ళ, బిళ్ళ మీద ఓడ గుర్తు. ఎవరి స్తోమతును బట్టి వారు బిళ్ళలు కొనుక్కునేవారు. ఓడ లాభంతో తిరిగివస్తే బిళ్ళకు ఇంత అని పంచుకునేవారు. మునిగితే నష్టమూ అలాగే పంచుకునేవారు.

కానీ వెళ్ళిన ఓడ ఏడాది దాకా తిరిగిరాదు. ఈలోగా ఒకరింట పెళ్ళి కుదురుతుంది, ఇంకొకరింట జబ్బు చేస్తుంది. అప్పుడు బిళ్ళ అమ్ముకోవాలి. కొనేవాడి కోసం వీధి వీధీ ఎవరు తిరుగుతారు? అందుకని రాజుగారు రేవు పక్కన రాతి స్తంభాల మండపం కట్టించారు. అదే వాటాల సంత. అమ్మదలచినవారూ కొనదలచినవారూ కలుసుకునే చోటు అది. కొనేవారు ఎక్కువైతే బిళ్ళ ధర పెరుగుతుంది. అమ్మేవారు ఎక్కువైతే తగ్గుతుంది. ధర పుట్టుక అంతే, అందులో మాయ లేదు.

అందరూ లోపల దూరి అరిస్తే ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. పైగా అమ్మినవాడు బిళ్ళ ఇవ్వకపోతేనో? కొన్నవాడు సొమ్ము ఎగ్గొడితేనో? అందువల్ల లోపల బేరం చేసే హక్కు దళారులకు మాత్రమే ఇచ్చారు. దళారి కావాలంటే రేవు అధికారి దగ్గర బంగారం హామీగా పెట్టి, ముద్ర ఉంగరం పుచ్చుకోవాలి. మాట తప్పితే రెండూ పోతాయి. తనను నమ్మినవారు కొనమంటే కొనాలి, అమ్మమంటే అమ్మాలి. ఆ శ్రమకు తరగు అని కొంత కూలి. పొద్దున కుదిరిన బేరానికి దీపాలు పెట్టే వేళకల్లా బిళ్ళలూ సొమ్మూ అధికారి బల్ల మీదికి రావాలి.

పద్ధతి మంచిదే. అందులోకి ఒక పాడు అలవాటు దూరింది. పశువుల సంతలో లాగా బేరమాడే దళారులు ఇద్దరూ చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. బేరం కుదిరాక తమకు తోచిన అంకె చాటింపువాడి చెవిన వేసేవారు. వాడు గుమ్మంలో నిలబడి దాన్ని ఊరంతటికీ అరిచేవాడు. గుడ్డ కింద ఇరవై వరహాలకు అమ్మి, ఇంటికి వచ్చి బిళ్ళ ఇచ్చినవారి చేతిలో పద్దెనిమిదే పెట్టే దళారులు ఉండేవారు. మిగిలిన రెండూ గుడ్డలోనే ఇంకిపోయేవి.

ఆ పట్నంలోనే పైడమ్మ అనే ఆవిడ చేపల పాట నడిపేది. తెల్లవారి పడవలు ఒడ్డుకు రాగానే గంపలు వరసగా పెట్టించి, పది మందీ వినేలా ధర పిలిచేది. పైన పెద్ద చేపలు పేర్చి కింద పొట్టివి దాచిన గంప కనబడిందా, అక్కడికక్కడే తిరగేసి ఇసుకలో పోసేది. ఒకసారి సొంత మేనమామ గంపనే తిరగేసింది. ఆయన ఏడాది పాటు మాట్లాడలేదు. పైడమ్మ దిగులు పడలేదు.

ఆమె దగ్గరికి ఒకనాడు చాపల వీధి పెద్ద తవుడయ్య వచ్చాడు. చాపల వీధివారిది తెరచాపలు నేసి కుట్టే పని. రాజహంస అనే ఓడకు వాళ్ళే చాపలు కుట్టారు. ఓడవాళ్ళ దగ్గర కూలికి సొమ్ము చాలక, బదులుగా ముప్పై బిళ్ళలు ఇచ్చారు.

"పైడమ్మా, మా వీధి ఏడాది కష్టం ఈ ముప్పై బిళ్ళలే. ఆ గుడ్డలవాళ్ళ చేతిలో పెట్టాలంటే మనసొప్పడం లేదు. నువ్వే ఉంగరం పుచ్చుకుని మా తరఫున నిలబడాలి తల్లీ," అన్నాడు.

"నాకు చేపలే తెలుసు తవుడన్నా."

"గంప తిరగేసే చెయ్యి మాకు కావాలి. తక్కినది నేర్చుకో."

పైడమ్మ నేర్చుకుంది. మండపం గుమ్మంలో కూర్చుని, ఏ ఓడ ఎటు పోయిందో, ఏ బిళ్ళ ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో విన్నది. ఆ తర్వాత చేతి కడియాలు తీసి అధికారి బల్ల మీద పెట్టింది. అవి తప్ప ఆమెకు వేరే బంగారం లేదు.

మొదటి రోజే జోగినాథం అనే దళారి ఆమె ముందు తుండుగుడ్డ చాపాడు.

"చెయ్యి పెట్టు, పైడమ్మా. బేరం చేద్దాం."

"పరాయి మగవాడి చెయ్యి గుడ్డ కింద పట్టుకోవడానికి వచ్చానా? నోరుంది కదా, నోటితో చెప్పు."

మండపమంతా గొల్లున నవ్వింది.

"ఇది చేపల పాట కాదమ్మా! ఇక్కడ పెద్దమనుషుల బేరాలు జరుగుతాయి," అన్నాడు జోగినాథం.

"పెద్దమనుషులకు చాటెందుకు నాయనా?"

తగువు అధికారి ముందుకు వెళ్ళింది. ఆయన సంత పెట్టిననాటి రాజశాసనం చదివించి విన్నాడు. "ఇందులో గుడ్డ ఊసే లేదు. ఒకరు 'ఇచ్చాను' అని, ఇంకొకరు 'పుచ్చుకున్నాను' అంటే బేరం కుదిరినట్టే. అన్నమాట వెనక్కి పోదు," అని తీర్పు చెప్పాడు.

నాటి నుంచి మండపంలో అందరి బేరాలూ గుడ్డ కింద, పైడమ్మ బేరాలు మాత్రం గొంతెత్తి. ఆమె మనుషులకు ఏ ధరకు కుదిరిందో గుమ్మం బయట నిలబడి వారే వినేవారు. మెల్లగా చిన్నవాళ్ళందరూ ఆమె దగ్గరికి చేరారు.

ఇది మాణిక్యరాయుడి కంట పడింది. అతను ఆ రేవులో పెద్ద వర్తకుడు. జోగినాథం అతని దళారే. రాజహంసలో అతనికి ఇరవై బిళ్ళలున్నాయి. మిగిలినవీ చవగ్గా కొట్టేయాలని అతని ఆశ.

ఒక ఉదయం చేపల ఒడ్డుకు వచ్చి, ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"పైడమ్మా, రేపు మీవాళ్ళు ఏమి కొంటారో, ఏమి అమ్ముతారో ఇవాళే నా చెవిన వెయ్యి. తరగుకు పది రెట్లు ఇస్తాను."

"మీకెందుకు రాయుడుగారూ?"

"వాళ్ళు కొనబోయేది ముందుగా నేను కొంటాను. వాళ్ళు వచ్చేసరికి ధర రెండు కాసులు పెరుగుతుంది. వాళ్ళకే అమ్ముతాను. రెండు కాసులకు ఎవరైనా చస్తారా?"

"చావరు. కానీ ఆ రెండు కాసులూ వాళ్ళవి. వాళ్ళ మాట మోయడానికి కూలి పుచ్చుకున్నాను. అదే మాట మీకు అమ్మితే ఒక చేపను ఇద్దరికి అమ్మినట్టు. పక్కకు జరగండి, గంపలు వస్తున్నాయి."

రాయుడు పళ్ళు కొరుకుతూ వెళ్ళిపోయాడు.

వానల కాలం దగ్గర పడింది. రావలసిన రాజహంస రాలేదు. జనంలో బెరుకు పుట్టింది. ఇరవై వరహాలున్న బిళ్ళ పదహారుకు దిగింది. ఈ బెరుకునే రాయుడు పనిముట్టు చేసుకున్నాడు. జోగినాథం పొద్దున రాయుడి బిళ్ళలు అమ్మేవాడు. వాటిని కొనేది రాయుడి రెండో దళారే. మర్నాడు అవే బిళ్ళలు అటునుంచి ఇటు వచ్చేవి. బిళ్ళలు రాయుడివే, సొమ్మూ రాయుడిదే. ఎడమ చేయి అమ్మితే కుడి చేయి కొనేది. గుడ్డ తీసిన ప్రతిసారీ జోగినాథం ఇంకొంచెం తక్కువ అంకె చెప్పేవాడు.

"రాజహంస పద్నాలుగు!" అని అరిచాడు చాటింపువాడు.

"రాజహంస పన్నెండు!"

"రాజహంస పది!"

ఊరు గగ్గోలెత్తింది. ధర పడిపోతోందంటే ఓడ మునిగిపోయినట్టేనని జనం అనుకున్నారు. కబురు తెచ్చిన పడవ లేదు, చూసిన కన్ను లేదు. అయినా ఇంటింటా రాజహంసకు కన్నీళ్ళు కార్చారు.

ఆ సాయంత్రం రాయుడు రెండోసారి పైడమ్మను వెతుక్కుంటూ ఆమె గడపకు వచ్చాడు. ఈసారి ముక్కు మూసుకోలేదు. వరహాల సంచి అరుగు మీద పెట్టాడు.

"రేపు ఒక్కరోజు సంతకు రాకు. జ్వరమని చెప్పు."

"జ్వరం వస్తే రాను. రాకపోతే వస్తాను."

"సంచి తెరిచి చూడు."

"చూస్తే జ్వరం వస్తుందేమోనని భయంగా ఉంది. తీసుకెళ్ళండి బాబూ."

అతను వెళ్ళగానే పైడమ్మ చాపల వీధికి నడిచింది. అక్కడ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మగవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు.

"అమ్మేయ్ పైడమ్మా! పదికైనా అమ్మేయ్! రేపు అయిదవుతుంది!"

పైడమ్మ అందరినీ కూర్చోబెట్టింది.

"బిళ్ళలు మీవి. అమ్మమంటే రేపు పొద్దునే అమ్ముతాను, నా పని అదే. కానీ నేను చూసిన సంగతి మీ ముందు పెట్టకపోతే తప్పు నాది. ధర పడుతున్నప్పుడల్లా అమ్మేది జోగినాథం, కొనేది రాయుడి రెండో మనిషి. దీపాల వేళ బల్ల మీదికి రోజూ అవే బిళ్ళలు వస్తున్నాయి. ఊళ్ళో వేరెవరూ అమ్మడమే లేదు. ఇక ఓడ సంగతంటారా, నాకు తెలియదు. సముద్రం నాకు చెప్పి చేయదు. కానీ మన సంతలో ధర పడితే అక్కడ ఓడ మునుగుతుందా?"

తవుడయ్య తన అరచేతుల్లోని సూది కాయల వంక చూసుకున్నాడు.

"ఆ చాప మేము కుట్టినదే," అన్నాడు చివరికి. "మూడు పొరలు, మైనపు దారం. మామూలు గాలికి చిరగదు. నేను అమ్మను. పైడమ్మా, ఎవడైనా నిజంగా అంత తక్కువకు అమ్ముతుంటే మాకు కొను. దూది కొనడానికి దాచిన సొమ్ములో సగం ఇస్తాను."

"ఓడ రాకపోతే అదీ పోతుంది. తెలిసే అంటున్నావా?"

"తెలిసే."

అతని కోడలు లోపలి నుంచి చిన్న మూట తెచ్చింది. "ఇదీ పెట్టు అత్తా. బియ్యానికి దాచింది," అన్నది.

పైడమ్మ ఆ మూటను ముట్టుకోలేదు. "లోపల పెట్టమ్మా. పిల్లల అన్నం సొమ్ము సంతకు రాకూడదు. నువ్వు ఇచ్చినా నేను తీసుకుపోను."

మర్నాడు మండపం కిటకిటలాడింది. పై అరుగు మీద రాయుడు కూర్చున్నాడు. జోగినాథం గుడ్డ తీసి, చాటింపువాడి చెవిలో గొణిగాడు.

"రాజహంస ఎనిమిది!"

జనం ఘొల్లుమన్నారు. అప్పుడు పైడమ్మ ముందుకొచ్చి, ఒడ్డున పాట పిలిచే గొంతుతో అడిగింది.

"జోగినాథం! రాజహంస ఎనిమిదికి అమ్ముతున్నావా?"

అతను తెల్లబోయాడు. అలా ఎవరూ ఎన్నడూ అడగలేదు.

"అది... అది మా ఇద్దరి బేరం."

"ధర ఊరంతటికీ చాటించావు కదా! అమ్మితే అందరికీ అమ్ము. అమ్మనంటే ఆ ధర అబద్ధమని ఇక్కడే చెప్పు."

అధికారి తలెత్తి చూశాడు. జోగినాథం రాయుడి వంక చూశాడు. ఈ చేపలమ్మ దగ్గర సొమ్మెంత ఉంటుందిలే అనుకుని రాయుడు తలూపాడు.

"ఎనిమిదికి పది బిళ్ళలు ఇచ్చాను!"

"పుచ్చుకున్నాను!"

రాయుడికి పంతం వచ్చింది. ధర ఇంకా కిందికి తోస్తే జనం బెదిరి తమ బిళ్ళలు పారేసుకుంటారని, సాయంత్రంలోగా వాటిని ఏరుకుని లెక్క సరిచేయవచ్చని అతని ఎత్తు. మళ్ళీ తలూపాడు.

"ఏడుకు పది!"

"పుచ్చుకున్నాను!" అన్నది పైడమ్మ. చాపల వీధి సొమ్ము అంతటితో అయిపోయింది.

రాయుడి బిళ్ళలూ అంతటితో అయిపోయాయి. అయినా అతను మూడోసారి తలూపాడు.

"ఆరుకు ఇరవై!"

పైడమ్మ నోరు మెదపలేదు. చేతిలో లేని సొమ్ముకు మాట ఇవ్వడం ఆమెకు తెలియదు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలి దళారి, చేతిలోని గుడ్డ భుజాన వేసుకుని, "మావాళ్ళ కోసం అయిదు పుచ్చుకున్నాను!" అన్నాడు. "నాకు ఆరు!" అన్నాడు మరొకడు. "నాకు తొమ్మిది!" ధర అబద్ధమని అందరికీ అర్థమైపోయింది. కొనేవారే తప్ప అమ్మేవారు ఒక్కరూ లేరు. ఏరుకోవడానికి రాయుడికి ఒక్క బిళ్ళ మిగలలేదు.

దీపాలు పెట్టే వేళ అయింది. కొన్నవారందరూ సొమ్ము తెచ్చి బల్ల మీద పెట్టారు. జోగినాథం తెచ్చినవి ఇరవై బిళ్ళలే. అమ్మినవి నలభై.

"తక్కినవి ఏవి?" అన్నాడు అధికారి.

జోగినాథం ఖాళీ చేతులు చూపాడు.

"లేనివి అమ్మావా? రేపు మధ్యాహ్నంలోగా సంతలో కొని తెచ్చి ఇవ్వాలి. తేకపోతే నీ బంగారం, నీ ఉంగరం, అవి చాలకపోతే అమ్మించినవాడి గోదాములు."

ఆ చీకటి వేళ రాయుడు మూడోసారి పైడమ్మ దగ్గరికి వచ్చాడు. ఈసారి తల వంచుకుని వచ్చాడు.

"చాపల వీధి బిళ్ళలు నీ పెట్టెలోనే ఉన్నాయి కదమ్మా. నాలుగు రోజులకు ఇప్పించు. మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. వాళ్ళకు తెలియనే తెలియదు. నీ కడియాలకు వంద కడియాలు చేయిస్తాను. పరువు కాపాడు తల్లీ."

పైడమ్మకు జాలి కలగకపోలేదు. కానీ జాలి పడవలసింది తన సొమ్ముతో.

"పెట్టె నాది రాయుడుగారూ. లోపలున్నవి నావి కావు. కావాలంటే రేపు సంతకు రండి. గొంతెత్తి అడగండి."

తెల్లవారాక చాపల వీధిలో కుర్రకారు ఎగిరిపడ్డారు. "చిక్కాడు! బిళ్ళకు యాభై అడుగు మావా! వంద అడుగు! పిండేద్దాం!"

తవుడయ్య వాళ్ళను కసిరాడు. "కిందికి తోసింది దొంగ ధరే, పైకి లాగినా దొంగ ధరే. అతను ఆట మొదలుపెట్టక ముందు బిళ్ళ ఇరవై. ఇరవైకి ఇస్తాను. పైడమ్మా, నిన్న కొన్న ఇరవై బిళ్ళలూ అమ్మేయ్. మేము కుట్టి సంపాదించిన ముప్పైని మాత్రం కదపను. ఓడతోనే మా లెక్క."

మాణిక్యరాయుడు ఆ రోజు మండపం మధ్య నిలబడ్డాడు. జోగినాథం వెనక్కి తప్పుకుంటే, అమ్మించినవాడే అడగాలని అధికారి ఆజ్ఞాపించాడు. "రాజహంస బిళ్ళలు కావాలి... ఎవరైనా అమ్ముతారా?" అని రాయుడే అడగవలసి వచ్చింది.

"ఇరవైకి ఇరవై ఇచ్చాను!" అన్నది పైడమ్మ.

"పుచ్చుకున్నాను," అన్నాడు రాయుడు.

"వినబడలేదండీ!" అన్నారు వెనకనున్నవారు.

"పుచ్చుకున్నాను!" అని అరిచాడు.

అలా ఆరుకు అమ్మిన ఇరవై బిళ్ళలనూ ఇరవైకి కొని, ఇవ్వవలసిన వారికి ఇచ్చుకున్నాడు. తన సొంత బిళ్ళలు ఏడుకూ ఎనిమిదికీ ముందే పోయాయి. రాజహంసలో అతనికి ఒక్క వాటా మిగలలేదు. జోగినాథం ఉంగరాన్ని అధికారి తీసేసుకున్నాడు. సంగతి రాజుగారి దాకా వెళ్ళింది. ఇకమీదట వాటాల సంతలో బేరమంటే నోటి బేరమేనని ఆయన శాసనం చేశాడు. పైడమ్మను పిలిపించి, "ఏమి కావాలమ్మా?" అని అడిగాడు.

"తరగు ముట్టింది మహారాజా," అన్నది పైడమ్మ. మర్నాడు ఎప్పటిలాగే చేపల ఒడ్డుకు పోయింది.

వానలు మొదలయ్యాక రాజహంస వచ్చింది. దాని తెరచాప స్తంభం ఒకటి విరిగింది. సరుకులో కొంత ఉప్పునీటికి పాడైపోయింది. ఆశపడినంత లాభం రాలేదు, భయపడినంత నష్టమూ రాలేదు. చాపల వీధిలో ఇంటింటికీ ఏడాది గింజలు చేరాయి, కొత్త దూది కొన్నారు.

కాబట్టి పిల్లలారా, పరుల సొమ్ము చేతపట్టినవాడు పది మంది చూస్తుండగా, పది మందికీ వినబడేలా పని చేయాలి. చాటున కట్టిన ధర ఎంత గట్టిగా చాటించినా నిజం ముందు నిలబడదు.